అప్పు, ధర, ముసురు: కష్టకాలం మీద హైకూ రాయడం ఎలా?

ప్రశ్న
ఉప్పుటేరు ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గరి ఒక ఊరు. మా వారు రెండెకరాల చెరువు లీజుకు తీసుకొని వనామి రొయ్యలు పెంచుతున్నారు. మేత కొట్టులో ఎంత బాకీ ఉందో, రొయ్య పిల్లకు ఎంత అయిందో, కరెంటు బిల్లు ఎంతో, జనరేటరు ఎంత డీజిలు తాగిందో రాసిపెట్టే పని నాది. ఆ లెక్కల పుస్తకం వెనక పేజీల్లో మూడేళ్లుగా హైకూలు, అంటే జపాను తరహా మూడు పాదాల చిన్న పద్యాలు, రాసుకుంటున్నాను. మొదట్లో రాసినవన్నీ కొంగల మీద, తాటిచెట్ల మీద, కాలువలో కదిలే గుర్రపుడెక్క మీద రాసినవే.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద ముందు 25 శాతం, నెలాఖరుకల్లా మొత్తం 50 శాతం సుంకం వేసింది. ఆ నెలంతా కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ఇంత అని చెప్పే ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా ఉండేది. పట్టుబడి చేద్దామంటే, అంటే రొయ్యలు పట్టి అమ్మేద్దామంటే, ధర లేదు. ఆపుదామంటే రోజూ మేత వేయక తప్పదు, రాత్రంతా ఏరేటర్లు (నీటిని చిలికి గాలి ఎక్కించే చక్రాలు) తిప్పక తప్పదు. అప్పటి నుంచి నేను కొంగ మీద రాయాలని కూర్చున్నా కలం అప్పు దగ్గరికే పోతోంది. అందులో తప్పేమీ లేదని నాకూ తెలుసు. నా బాధల్లా, అలా రాసినవి హైకూల్లా లేకుండా పేపరులో శీర్షికల్లాగానో, ఎవరికో పెట్టుకున్న అర్జీల్లాగానో ఉంటున్నాయని. మూడింటిని మీ ముందు పెడుతున్నాను.

*ధర పడిపోయింది*
*అప్పులవాళ్లు ఇంటికొచ్చారు*
*గుండెలో బరువు*

*సుంకాల వార్త*
*రొయ్యల రైతు కన్నీళ్లు*
*చెరువంత ఉప్పు*

*కరెంటు పోయింది*
*ఏరేటరు ఆగిన చోట*
*చందమామ*

వీటిలో మూడోది నిజానికి ఈ వరుసలోది కాదు. ఒక రాత్రి గట్టు మీద నిలబడి చూసింది చూసినట్టు రాశాను. అందులో అప్పూ లేదు, ధరా లేదు. ఇంట్లో ఇంత ఇబ్బంది పెట్టుకొని చందమామ మీద రాసుకోవడం సబబేనా అని ఆ పేజీ తిప్పినప్పుడల్లా మనసుకు కష్టంగా ఉంటుంది.

వడ్డీ, సుంకం, బాకీ వంటి మాటలు హైకూలో ఇముడుతాయా? ఋతువు తప్పకుండా ఉండాలంటారు కదా, మరి అప్పుకు ఋతువు ఏముంటుంది? మూడు పాదాలకు 5-7-5 అనే లెక్కను తెలుగులో దేనితో లెక్కపెట్టాలి? ఇంకొక్క మాట, ఇది అడగడానికి కొంచెం బెరుకుగా ఉంది. ఇంటి ఇబ్బందుల మీద రాసింది నలుగురి ముందు పెడితే ఇంటి గుట్టు బయటపెట్టినట్టే కదా. మీలో ఎవరైనా ఇలాంటివి రాసి ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు
పాత మాస్టారు, కోనసీమ:

అమ్మా, మీరు ఈ వరుసలోది కాదని పక్కన పెట్టిన మూడోదే ఈ మూడింటిలో హైకూ. కష్టకాలం మీద రాసినది కూడా అదే. ఎందుకంటున్నానో చెబుతాను.

మా బావమరిదికి కూడా చెరువులున్నాయి కాబట్టి ఆ రాత్రులు ఎలా ఉంటాయో నేను కొంత ఎరుగుదును. ఏరేటర్లు తిరుగుతున్నంతసేపు నీరు చిలికినట్టు అవుతూ ఉంటుంది, ఆ నీటి మీద చంద్రుడి నీడ నిలవదు. చంద్రుడు చెరువులో నిండుగా కనబడ్డాడంటే చక్రాలు ఆగాయని అర్థం. చక్రాలు ఆగితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, తెల్లవారుజామున అది మరీ అడుగంటి రొయ్య పైకి తేలుతుంది, ఒక్క రాత్రిలో పంట మొత్తం పోయిన వాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది లేరు! మీ మూడు పాదాల్లో అంత అందంగా కనిపిస్తున్న చందమామ, చెరువు ఉన్నవాడికి గుండె ఝల్లుమనిపించే దృశ్యం. అందమూ ఆపదా ఒకే బొమ్మలో ఉన్నాయి, మీరు ఏదీ విప్పి చెప్పలేదు. మొదటి దానిలో 'గుండెలో బరువు' అని మీరే చెప్పేశారు కాబట్టి చదివేవాడి గుండెకు ఇక పని లేకుండా పోయింది.

కష్టంలో ఉండి చందమామ మీద రాయడం సబబేనా అని అడిగారు. జపాను హైకూ కవుల్లో ఇస్సా జీవితం ఒకసారి చూడండి. ఆయన 1763లో కషివబర అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. పసితనంలోనే తల్లి పోయింది, చిన్న వయసులోనే బతుకుతెరువు కోసం ఎదో అనే మహానగరానికి పంపేశారు, ఇప్పుడు దానినే టోక్యో అంటున్నారు. 1801లో తండ్రి పోయాక సవతి తల్లితోనూ, ఆమె కొడుకుతోనూ ఆస్తి పంపకం తగాదా పడి, అది తెమలడానికి 1813 వరకు పట్టింది. లేటు వయసులో పెళ్లి చేసుకుంటే పుట్టిన బిడ్డలు పసివాళ్లుగానే ఒకరి తరవాత ఒకరు పోయారు. 1827లో ఊళ్లో నిప్పంటుకొని ఇల్లు కాలిపోయింది, మిగిలిన సామాను కొట్టులో కాపురముంటూ కొద్ది నెలలకే కన్నుమూశాడు. అలాంటి మనిషి తన హైకూల్లో ఈగలను, కప్పలను, నత్తలను, పిచ్చుకలను పలకరించాడు. ఆ పలకరింపులో ఆయన పేదరికం అంతా వినిపిస్తుంది. కష్టాన్ని వదిలేసి నత్త దగ్గరికి పోయాడని నేను అనుకోను. కష్టంలో ఉన్న మనిషి కంటికి నత్త ఎలా కనబడుతుందో అదే రాశాడని అనుకుంటాను.

ఇక అప్పుకు ఋతువు ఏముంటుందన్నారు. మీ ప్రశ్నలన్నింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తే ఓర్చుకోండి. జపానువాళ్లు ఏ మాట ఏ ఋతువును సూచిస్తుందో పెద్ద పెద్ద పట్టికలు కట్టుకున్నారు. మనకు అలాంటి పట్టిక లేదని హైకూ రాసేవాళ్లు బాధపడుతుంటారు గాని, మన రైతు దగ్గర అంతకన్నా మంచిది ఉంది, అవి కార్తెలు. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణికి రోళ్లు పగులుతాయన్నా, ఆరుద్రకు ఎర్రటి ఆరుద్ర పురుగు బయటికొస్తుందన్నా అది ఋతువే. 'మఖ, పుబ్బ వరపైతే మహా క్షామం' అన్న మాట ఎన్నిసార్లు వినలేదు మనం? ఆ మాటలో వాతావరణం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. సేద్యం చేసేవాళ్ల భాషలో ఋతువు పేరూ దిగులు పేరూ ఏనాడూ వేరువేరుగా లేవు. డెల్టాలో అయితే మరీను. కాలువలు కట్టేసిన నెల, ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలిన రోజు, సార్వా (వానాకాలపు వరి) కోతల్లో ముసురు, దాళ్వా (రెండో పంట వరి) చివరి తడి, లంకల్లోకి ఎర్రనీరు ఎక్కిన పొద్దు: వీటిలో దేన్ని పలికినా వినేవాడికి నెలా తెలుస్తుంది, ఆ నెలలో ఇంట్లో డబ్బు ఉంటుందో ఉండదో కూడా తెలుస్తుంది. స్కూలు ఫీజులూ పెట్టుబడులూ ఒకేసారి మీదపడే మృగశిర కార్తెను మించి అప్పుకు ఋతువు ఇంకేం కావాలి?

నా అనుభవం ఒకటి చెబుతాను. 1996 నవంబరు 6 నాటి తుఫానుకు మా కోనసీమ కొబ్బరి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో మీరు పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. అప్పుడు నేను బడిలో తెలుగు చెబుతున్నాను. కాకినాడలో కవి ఇస్మాయిల్ గారి వంటి వారు హైకూ రాస్తూ, రాయిస్తూ ఉన్న రోజులు కాబట్టి మాకూ ఆ గాలి సోకింది. తుఫాను మీద నేను ఇరవై దాకా రాశాను, ప్రళయమని, రాక్షసి అని, కూలిన కలలని. అన్నీ చింపేశాను. ఒకటి మాత్రం ఉంచుకున్నాను.

*తుఫాను మర్నాడు*
*కొబ్బరి తోటలో*
*ఆకాశం ఎక్కువ*

ఆ పొద్దున మా తోటలోకి వెళ్లగానే కళ్లు చిట్లించవలసి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆ తోటలో అంత వెలుతురు నేను చూడలేదు. నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది గనుక, ఆ ఎక్కువైన ఆకాశమంతా మాకు ఆరేడేళ్ల రాబడి. ఆ లెక్క హైకూలో నేను రాయలేదు. కోనసీమవాడు చదివితే రాయనవసరం లేదు, బయటివాడు చదివితే కనీసం ఆ ఖాళీ అయినా అందుతుంది.

మీ రెండో దాని విషయానికి వస్తే, 'చెరువంత ఉప్పు' అన్న పోలిక చెవికి బాగుంది గాని నాకు అక్కడ నమ్మకం కలగలేదు. సుంకాల వార్త వచ్చింది శ్రావణమాసంలో. వానలకు చెరువులో ఉప్పదనం తగ్గుతుందే గాని పెరగదని మీకు నాకన్నా బాగా తెలుసు. కన్నీళ్లూ చూసి రాసినవి కావు, ఉప్పూ చూసి రాసింది కాదు. నాకు ఒక్కటి చెప్పండి. ఆ వార్త తెలిసిన రోజున మీరు గట్టు మీద ఉన్నారా, ఇంట్లో ఉన్నారా? మీ కళ్ల ముందు ఏముంది? ఏం వినబడుతోంది? జవాబు దొరికితే హైకూ అందులోనే ఉంటుంది.

5-7-5 సంగతి క్లుప్తంగా చెబుతాను. తెలుగులో చాలామంది అక్షరాలు లెక్కపెడతారు, కొందరు లెక్కే వదిలేస్తారు. జపాను లెక్క నిజానికి మన మాత్రల లెక్కకు దగ్గర. అక్కడ దీర్ఘం రెండుగా లెక్క, ద్విత్వంలోని మొదటి హల్లు కూడా ఒకటిగా లెక్క. 'తాకట్టు' అన్న మాట ఉంది చూశారా, అక్షరాలు మూడే అయినా గురువు, గురువు, లఘువు కలిసి అయిదు మాత్రలు. శ్రావణం కూడా అయిదే. ఒక పాదం ఒక్క మాటతో నిండిపోతుంది. మాత్రలతో 17కు కుదించడానికి ప్రయత్నిస్తే మాటల పొదుపు అలవడుతుంది కాబట్టి కొన్నాళ్లు అలా సాధన చేయండి, అలవాటయ్యాక లెక్క వదిలేసినా ఫరవాలేదు. పైన నేను రాసిందీ ఆ లెక్కకు నిలబడదు.

జవాబు
శివారు ఆయకట్టు:

మాస్టారు గారి మాటల మీద నాకు గౌరవం ఉంది. తుఫాను మర్నాటి హైకూ నాలుగుసార్లు చదువుకున్నాను. అయినా ఒక చోట ఆయనతో ఏకీభవించలేకపోతున్నాను. నేను కాలువ చివరన అయిదెకరాలు కౌలుకు చేసే మనిషిని. కష్టాన్ని కొంగ వెనక, చందమామ వెనక దాచి చెప్పడమే హైకూ అయితే, చదివిన వాళ్లు 'ఎంత అందంగా ఉంది' అని మెచ్చుకొని పక్కకు పోతారు, మా ధాన్యం మాత్రం కళ్లంలోనే ఉంటుంది. ధరా, బాకీ, తరుగూ కూడా మా కళ్ల ముందు ఉన్న వస్తువులే కదా. వాటికి పాదంలో చోటు ఎందుకు ఉండకూడదు?

జపానులోనే ఋతువు మాట వద్దని, తమ కాలపు ఫ్యాక్టరీనీ యుద్ధాన్నీ సూటిగా హైకూలోకి తెచ్చిన కవులు ఉన్నారు. 1940లో క్యోటో విశ్వవిద్యాలయం పేరుతో నడిచిన హైకూ పత్రిక కవులను అక్కడి ప్రభుత్వం అరెస్టు చేసింది. మూడు పాదాల పద్యానికి ప్రభుత్వం భయపడిందంటే అందులో చందమామ ఒక్కటే ఉండి ఉండదు. ఋతువు అవసరం లేకుండా మనుషుల బతుకు మీద రాసే సెన్ర్యూ అనే ప్రక్రియ కూడా అదే కొలతలో అక్కడే ఉంది. ఉప్పుటేరు ఒడ్డు గారూ, మీ మొదటి దాన్ని ఆ దారిలో దిద్దుకోవచ్చు, పారేయకండి.

నిరుడు సార్వా కోతల్లో పనల మీద వాన పడింది. బరకాలు కప్పి, తీసి, మళ్లీ కప్పి, రోడ్డు మీద ఎండబోసి, చివరికి తేమ చూపించడానికి తీసుకువెళ్లాం. 17 శాతం దాటకూడదు. మా ఊళ్లో చూస్తే ఒక అంకె, మిల్లు దగ్గర చూస్తే మరొక అంకె. ఆ మిల్లు పేరు ఇక్కడ అనవసరం. ఆ రోజు రాసుకున్నది ఇది.

*తేమ మిషనులో*
*పందొమ్మిది*
*కళ్లం నిండా ఎండ*

వారం రోజులు మొహం చూపించని ఎండ, ధాన్యం తిప్పి పంపిన పూట విరగకాసింది. పందొమ్మిది అన్న అంకె తీసేస్తే ఈ హైకూలో ఏం మిగులుతుంది? అంకెను చూసి భయపడేవాడికి అంకే దృశ్యం. చీటీ పాటలో ఎంత తోసి పాడుకున్నామో, నూటికి రెండు రూపాయల వడ్డీ మూడు రూపాయలు ఎప్పుడైందో, బస్తాకు ఎన్ని కిలోలు తరుగు తీశారో మా ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. వాటిని కవిత్వానికి పనికిరాని మాటలని తీసేస్తే మా ఇంట్లో రోజూ మాట్లాడుకునే భాషనే తీసేసినట్టు.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా వేయలేదు. మా మేనమామది ఆ ప్రాంతమే కావడం వల్ల అప్పట్లో వెళ్లి చూశాను. దాని మీద రాసినది కూడా పెడుతున్నాను, ఇందులో అంకె లేదు, మాస్టారు గారికి నచ్చుతుందేమో.

*కాలువ నిండుగా నీరు*
*దున్నని చేలో*
*ఒంటికాలి కొంగ*

ఉప్పుటేరు ఒడ్డు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రెండు రోజులు లెక్కల పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాను. ఆగస్టు పేజీలో 'ఐసు' అని ఒక పద్దు ఉంది, దాని పక్కన సరుకు అమ్మిన పద్దు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు పట్టుబడి అనుకొని మనుషులకు చెప్పుకున్నాం, ట్రేలు వచ్చాయి, తెల్లవారుజామున ఐసు బండి కూడా వచ్చి దించి వెళ్లిపోయింది. ఏడు గంటలకు కొనేవాళ్ల తరఫు ఏజెంటు ఫోను చేసి, ఇవాళ వద్దు, ధర తేలాక చెబుతామన్నాడు. వలవాళ్లకు టీలు పోయించి పంపేశాం. ముసురు పడుతూనే ఉంది. ఐసు మీద కప్పిన గోనెపట్టా కొంచెం కొంచెంగా కిందికి దిగిపోతూ ఉండడం నేను షెడ్డులో కూర్చొని మధ్యాహ్నం దాకా చూశాను. అది రాయాలని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు, ఆ రాత్రి కూర్చొని 'కన్నీళ్లు' అని రాశాను.

*శ్రావణపు ముసురు*
*కొనేవాళ్లు రాని గట్టు మీద*
*మంచుగడ్డ కరుగుతోంది*

ఇది సరిగా ఉందో లేదో చెప్పండి. రెండో పాదం పొడుగైందని నాకే అనిపిస్తోంది. శివారు ఆయకట్టు గారూ, మీ పందొమ్మిది చదివి మా వారు 'సరిగ్గా అంతే' అన్నారు. ఆయన హైకూ గురించి నోరు విప్పడం అదే మొదటిసారి.

జవాబు
అల్లిక సూది, నర్సాపురం వైపు:

అక్కా, నేను లేసు అల్లుతాను. ఆర్డరు ఉన్న నెల చేతినిండా పని, లేని నెల అసలు ఉండదు. మీరు అడిగిన నాలుగో ప్రశ్న, ఇంటి గుట్టు గురించి, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను, ఎందుకంటే నేను ఏడాదిపాటు ఆ ఒక్క కారణం చేతనే రాసినవి ఎవరికీ చూపించలేదు.

మా పెద్దదాన్ని కాలేజీలో చేర్చడానికి మెడలో గొలుసు తాకట్టు పెట్టాం. అప్పుడు ఇలా రాశాను.

*తాకట్టు కొట్టు*
*గొలుసు తూచిన చేతులు*
*ఖాళీ మెడ*

ఇది మా అత్తగారు చదివితే ఏమనుకుంటారో, పక్కింటివాళ్లు చదివితే ఏమంటారోనని దాచేశాను. తరవాత ఒక మధ్యాహ్నం నూతి దగ్గర మొహం కడుక్కుంటూ అద్దంలో చూసుకుంటే, పదహారేళ్లు గొలుసు ఉన్న చోట ఎండ తగలక మెడ చుట్టూ తెల్లటి గీత కనబడింది. అప్పుడు మార్చి రాశాను.

*రోహిణి ఎండ*
*గొలుసు ఉండే చోట*
*మెడ మీద తెల్లని గీత*

దీన్ని మా సంఘంలో పదిమంది ఆడవాళ్ల ముందు చదివాను. ఒక్కరు కూడా గొలుసు ఏమైందని అడగలేదు. ఇద్దరు ముగ్గురి చేతులు మాత్రం వాళ్ల మెడల మీదికి వెళ్లాయి. అది చూశాక నాకు గుట్టు గురించిన భయం పోయింది. తాకట్టు కొట్టు అని రాసినప్పుడు అది మా ఇంటి సంగతిగా ఉండింది, గీత అని రాస్తే అది ఆ గదిలో ఉన్న అందరిదీ అయిపోయింది. శివారు ఆయకట్టు గారు అన్నట్టు అంకె చెప్పవలసిన చోట చెప్పాలి, ఆ పందొమ్మిది మిల్లువాళ్లు కూడా చదవాలి. మీ ఇంటి బాకీ ఎంతో మాత్రం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పకపోతే హైకూకు వచ్చిన లోటేమీ లేదు.

పాత మాస్టారు, కోనసీమ:

శివారు ఆయకట్టు గారూ, ఆ అంకె విషయంలో నేను మీతో ఏకీభవిస్తున్నాను. పందొమ్మిదిని మీరు కంటితో చూశారు, మిషను మీద. ఉప్పుటేరు ఒడ్డు గారి మొదటి దానిలో 'ధర పడిపోయింది' అన్నది కంటితో చూసింది కాదు, విన్న వార్త. నా అభ్యంతరం అంతవరకే. ఒంటికాలి కొంగ కూడా నాకు నచ్చింది. నాగలి వెంట పురుగులు ఏరుకుంటూ నడవవలసిన పక్షి అలా నిలబడిపోయిందంటే ఆ ఏడు దానికీ విరామమే.

అమ్మా, ఐసు దొరికింది కదా, ఇక దాన్ని వదలకండి. రెండు చిన్న సవరణలు చెబుతాను, నచ్చితేనే తీసుకోండి. 'మంచుగడ్డ' అనకండి. తెలుగులో మంచు అనగానే పుష్యమాసపు పొద్దుట గడ్డిమీది మంచు మనసులో మెదులుతుంది, మీ శ్రావణం పక్కన అది ఇంకో ఋతువును తెచ్చిపెడుతుంది. గట్టు మీద దించింది ఐసు, మీ పద్దులో రాసుకున్నదీ ఐసే, కాబట్టి హైకూలోనూ ఐసు అనే రాయండి. రెండోది, 'కొనేవాళ్లు రాని' అన్నది కారణం చెబుతోంది. పట్టుబడికి తెచ్చిన ఐసు గట్టు మీదే కరుగుతోందంటే కొనేవాళ్లు రాలేదని చెప్పినట్టే. అయితే మన జిల్లాలు ఎరుగని పాఠకుడికి ఆ మాట లేకపోతే అందదేమోనన్న శంక నాకూ ఉంది. ఎవరి కోసం రాస్తున్నారో మీరే తేల్చుకోవాలి.

ఉప్పుటేరు ఒడ్డు:

మాస్టారూ, చెల్లీ, అన్నయ్య గారూ, అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఐసు అనే మార్చుకున్నాను. 'కొనేవాళ్లు' తీసేశాను, మా చుట్టుపక్కల వాళ్లకు అర్థమైతే చాలనుకున్నాను.

*శ్రావణపు ముసురు*
*పట్టుబడికి తెచ్చిన ఐసు*
*గట్టు మీదే కరిగింది*

చెల్లి రాసిన గీత గురించి చదివాక నిన్న రాత్రి పుస్తకం వెనక పేజీలు తీసి మా వారి ముందు పెట్టాను. మూడేళ్లలో మొదటిసారి. ఆయన అన్నీ చదివి, చందమామ దగ్గర ఆగి, 'ఇది జనరేటరు నలభై నిమిషాలు స్టార్టవని రాత్రి కదా' అన్నారు. అవునన్నాను. కొంతసేపటికి, 'ఇందులో ఒక తప్పుంది. చక్రం ఆగగానే నీళ్లు నిలవవు. నేను జనరేటరు తాడు లాగుతూ చూస్తూనే ఉన్నాను, ముక్కలు ముక్కలుగా ఉన్నవాడు చాలాసేపటికి గాని కూడుకోలేదు' అన్నారు. నేను షెడ్డు దగ్గరి నుంచి చూశాను, ఆయన నీటి పక్కనే ఉన్నారు, కాబట్టి ఆయన చూసిందే నిజమై ఉంటుంది. ఆయన మాట ప్రకారం మార్చాను.

*కరెంటు పోయింది*
*చెరువులో మెల్లమెల్లగా*
*ఒక్కటైన చందమామ*